తొరీనో నుంచి మోసుకొచ్చిన రికార్డులు

వానాకాలం వస్తే మా ఇంట్లో తప్పని పని ఒకటుంది. బీరువాలో నిలువుగా పేర్చిన గ్రామఫోన్ రికార్డులన్నీ దించి, ఒక్కోదాన్నీ అట్టలోంచి తీసి బూజు పట్టిందేమో చూసుకోవాలి. హైదరాబాద్ ముసురుకు నల్లటి వినైల్ మీద తెల్లటి చుక్కలు లేస్తాయి. డిస్టిల్డ్ వాటర్‌లో తడిపిన మెత్తటి గుడ్డతో గాడి తిరిగిన వైపే తుడిచి, దుమ్ము పడని చోట నీడన ఆరబెట్టాలి. మొన్న ఆ పనిలో ఉండగా ఒక అట్ట తెరవగానే గుప్పున వాసన కొట్టింది. చెమ్మ పట్టిన అట్ట, ఎప్పటిదో సిగరెట్టు పొగ, కిటికీలు లేని నేలమాళిగ, అన్నీ కలిసిన వాసన. అది మా ఇంటిది కాదు. మన పత్రికలు ట్యూరిన్ అని రాసే తొరీనో నగరంలో, శనివారం సంతలో, చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే ఎంచుకుని కొన్న రికార్డుది. ఇన్నేళ్లు మా బీరువాలో ఉండి కూడా ఆ ఊరి వాసన వదల్లేదు. గుడ్డ పక్కన పెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

నేను అక్కడికి వెళ్లింది ఆర్కిటెక్చర్ చదవడానికి. తిరిగి వచ్చేటప్పుడు పుస్తకాల కంటే ఎక్కువ బరువు తూగినవి 1970ల నాటి ఇటాలియన్ భయానక చిత్రాల సంగీతం రికార్డులు. హత్యలు, మంత్రగత్తెలు, నల్ల గ్లౌజులు తొడుక్కున్న హంతకులు, శాపం తగిలిన ఇళ్లు ఆ సినిమాల సరుకు. వాటికి అక్కడి సంగీతకారులు కట్టిన బాణీలు వింటే మాత్రం కాలు నిలవదు. బేస్ గిటారు ముందు నడుస్తుంది, డ్రమ్ములు దాన్ని తరుముతాయి, వా-వా పెడలు తొక్కిన గిటారు మధ్యమధ్య మూలుగుతుంది, హామండ్ ఆర్గాన్ ఎక్కడో వెనక నుంచి పొగలా లేస్తుంది. భయపెట్టమని పిలిచి పని అప్పగిస్తే ఇంత హుషారుగా వాయించారేమిటని మొదట్లో ఆశ్చర్యపోయేదాన్ని. ఆ హుషారు కోసమే ఈ రికార్డులు పోగేశాను.

* * *

ఈ సంగీతం నాకు పరిచయమైంది రికార్డు మీద కాదు, సినిమాలోనూ కాదు, ఒక ఇంటి గేటు ముందు.

మా క్లాసులు పో నది ఒడ్డున ఉన్న వాలెంతీనో కోటలో జరిగేవి. కట్టడాల చరిత్ర చెప్పే ప్రొఫెసర్ గారికి తరగతి గదిలో కూర్చోబెట్టి చెప్పడం నచ్చదు. నడిపిస్తారు. పియెత్రో ఫెనోల్యో అనే వాస్తుశిల్పి కట్టిన ఇళ్లు ఆ నగరంలో చాలా ఉన్నాయి. ఫ్రాన్చా రోడ్డు మూలమీద తీగలు పాకినట్టు ఇనుమూ రంగుటద్దాలూ అల్లుకున్న ఆయన ఇల్లు చూపించి, మరో వారం నది దాటించి కొండవైపు తీసుకెళ్లారు. జొవాన్ని లాంజా వీధిలో చెట్ల మధ్య విల్లా స్కాట్. అదీ ఫెనోల్యో కట్టిందే, 1902లో. వంపు తిరిగిన కిటికీలు, పూలు చెక్కిన గోడలు, మెట్టుమెట్టుగా దిగే తోట. ప్రొఫెసర్ గారు కిటికీ చట్రం గురించి చెబుతున్నారు. వెనక వరసలో ఒకబ్బాయి పెదవులు బిగించి ఏదో కూనిరాగం తీశాడు. పక్కనున్న అమ్మాయి అందుకుంది. క్షణంలో వెనకున్న నలుగురైదుగురూ అదే తీగను గొంతుల్లో లాగుతున్నారు. ఆవృత్తం మనం అనుకున్న చోట ముగియదు, మళ్లీ మొదటికి వచ్చేస్తుంది, తల ఊపబోతే లెక్క తప్పుతుంది. ప్రొఫెసర్ గారు కోప్పడలేదు. నవ్వి, తానూ రెండు స్వరాలు కలిపారు.

అది దారియో ఆర్జెంతో తీసిన ‘ప్రొఫోందో రొస్సో’ చిత్రం బాణీ. 1975 నాటిది. సినిమాలో ఆ ఇంటిని ‘అరిచే పిల్లవాడి ఇల్లు’ అంటారు. అప్పట్లో అక్కడ క్రైస్తవ సన్యాసినులు ఆడపిల్లల బడి నడిపేవారట. షూటింగు జరిగినన్నాళ్లు వాళ్లందరినీ రిమినీ సముద్రతీరానికి విహారానికి పంపి ఇల్లు తీసుకున్నారని ఊళ్లో కథగా చెప్పుకుంటారు. ఆ తర్వాత తొరీనో మొత్తం నాకు ఆ సినిమా కళ్లతో కనిపించడం మొదలైంది. కరిఞానో థియేటరు, పో, దోరా నదుల విగ్రహాలు పడుకుని ఉండే సి.ఎల్.ఎన్. చౌరస్తా, రాత్రి పూట మనిషి జాడ లేని ఆ రాతి వరండాలు. సినిమా కథ రోమ్‌లో జరుగుతుంది, తీసింది మాత్రం చాలావరకు ఇక్కడ. ఆ చౌరస్తాలో సినిమా కోసం కట్టిన గాజు అద్దాల బార్ ఇప్పుడు లేదు. అయినా కొత్తగా వచ్చినవాళ్లు దాని కోసం వెతుక్కుంటూ తిరగడం నేను చూశాను.

* * *

నేను అద్దెకున్నది వాంకీల్యా పేటలో, నాలుగో అంతస్తులో. లిఫ్టు లేదు. ఇంటావిడ ఒంటరి మనిషి, ఉద్యోగ విరమణ చేసిన దర్జీ. నేను ‘సిన్యోరా’ అని పిలిచేదాన్ని, ఆవిడ నన్ను ‘చిన్నదానా’ అనేవారు. సాయంత్రం పూట వంటగదిలో రేడియో పెట్టుకుని బఠానీలు వలుచుకుంటూ కూర్చునేవారు. ఒకరోజు నేను గిన్నెలు కడుగుతూ, తెలియకుండానే ఆ గేటు ముందు విన్న రాగం తీశాను. ఆవిడ బఠానీలు ఆపేశారు. చేతులు తుడుచుకుని, తాళాల గుత్తి తీసుకుని, ‘రా’ అన్నారు.

ఆ భవనాల్లో ప్రతి వాటాకూ కింద నేలమాళిగలో చిన్న కొట్టు ఉంటుంది. వైను సీసాలు, పాత కుర్చీలు, శీతాకాలం బట్టలు పెట్టుకుంటారు. మెట్లు దిగుతుంటే చలి పిక్కల మీదుగా పైకి పాకింది. ఆవిడ ఒక ఎర్ర రెక్సిన్ పెట్టె తెరిచారు. పిడి ఉన్న పెట్టె, లోపల నిమిషానికి 45 సార్లు తిరిగే చిన్న రికార్డులు నిలబెట్టి ఉన్నాయి. ఎవరెవరో ప్రేమపాటల గాయకుల మధ్య నుంచి వేలితో సరిగ్గా ఆ రికార్డును పైకి లాగారు. గోబ్లిన్ బృందం, ఒకవైపు ‘ప్రొఫోందో రొస్సో’, రెండోవైపు ‘డెత్ డైస్’. ఆ ఏడాది ఇటలీలో ఈ రికార్డు కొన్ని వారాలపాటు మొదటి స్థానంలో నిలిచింది. ‘సముద్రం ఒడ్డున జ్యూక్‌బాక్సులో ఎవడో ఒకడు నాణెం వేసేవాడు, ఇదే మోగేది. సినిమా నేను చూడలేదు, చూడను కూడా. కానీ దీనికి డాన్సు చేశాం’ అన్నారు సిన్యోరా. 

పైకి తెచ్చి ఆవిడ పాత ప్లేయరు మీద పెట్టాం. ముల్లు దించగానే చిటపటలు, ఆ వెనక గిటారు తీగలు ఒక్కొక్కటిగా, తర్వాత బేస్, తర్వాత గుడి గంటలంత బరువుగా ఆర్గాన్. అది అందరికీ తెలిసిన వైపు. నాకు నిద్ర పట్టనివ్వనిది రెండో వైపు. ‘డెత్ డైస్’ మొదలవడమే పరుగుతో మొదలవుతుంది. ఆపకుండా అదే బేస్ తిప్పు, అదే తాళం, ఆ పైన గిటారు గీరుతుంది. హత్యల సన్నివేశాల కోసం కట్టారు కాబట్టి అందులో కంగారు ఉండాలి. ఉంది కూడా. అయితే నలుగురు కుర్రవాళ్లు ఒక గదిలో ఒకరినొకరు చూసుకుంటూ వాయించుకుంటున్న సంబరం అంతకంటే ఎక్కువగా వినిపిస్తుంది. సిన్యోరా స్టవ్వు దగ్గర నిలబడి గరిటెతో గిన్నె అంచు మీద తాళం వేశారు. పై వాటా వాళ్లు ఏమీ అనలేదు.

* * *

అప్పటి నుంచి శనివారాలు బాలోన్‌కు వెళ్లడం అలవాటైంది. పోర్తా పలాజ్జో బజారు వెనక వీధుల్లో పాత సామాను సంత అది. ఇత్తడి కొళాయిలు, చర్చి కొవ్వొత్తుల స్టాండులు, ఎవరి పెళ్లి ఫోటోలో, పళ్లు ఊడిన పియానోలు అన్నీ నేలమీదే. నెలకొక ఆదివారం ఇంకా పెద్ద సంత జరిగేది, దూరప్రాంతాల వర్తకులు వచ్చేవారు. నేను మాత్రం శనివారం మనిషిని. నాలుగో నంబరు ట్రామ్ దిగి, చేపల వాసన, పుదీనా వాసన, అరబ్బు రొట్టెల వాసన దాటుకుంటూ వెళితే ఒక మూల రికార్డుల బల్ల ఉండేది. దాని యజమాని ముసలాయన. చేతులకు వేళ్లు తెగిన ఊలు గ్లౌజులు, చెవి వెనక పెన్సిల్. మొదటి రోజు నేను రికార్డు తీసిన తీరు చూసి నా చేతిలోంచి మర్యాదగా తీసేసుకున్నాడు.

రికార్డు పట్టుకోవడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అంచుల మీద అరచేతులు ఆనించాలి, గాడి మీద వేలు పడకూడదు. వెలుతురుకు ఏటవాలుగా తిప్పి చూడాలి. గీత కనిపిస్తే గోరు అంచుతో చాలా తేలిగ్గా తాకి చూడాలి. గోరు తట్టుకుంటే వినిపిస్తుంది, తట్టుకోకపోతే ఫరవాలేదు. నడిమి రంధ్రం చుట్టూ లేబులు మీద సన్నటి గీతలుంటాయి, కడ్డీ కోసం చీకట్లో తడుముకున్న గుర్తులవి. అవి ఎక్కువుంటే ఆ రికార్డు బాగా అరిగిందని అర్థం. లేబులు మీద ఇటలీ రచయితల, ప్రచురణకర్తల సంఘం ‘సియాయె’ ముద్ర ఉందేమో చూడాలి. అన్నిటికంటే నాకు నచ్చిన పాఠం ఆఖర్న పాట అయిపోయాక లేబులు దాకా ఉండే నున్నటి నల్లటి పట్టీ చూడటం. ఇటలీలో అచ్చైన రికార్డుల మీద చాలాసార్లు అక్కడ మూల అచ్చు తయారైన తేదీ గీసి ఉంటుంది. రోజు, నెల, సంవత్సరం. ఎవరో ఒక కార్మికుడు ఆ పూట చేత్తో గీసిన అంకెలు. ముసలాయన జేబులోంచి చిన్న భూతద్దం తీసి ఇచ్చేవాడు. ఆ అంకెలు చదివేటప్పుడు చుట్టూ సంత గోల వినిపించేది కాదు.

బేరం కూడా ఒక పద్ధతి ప్రకారం నడిచేది. ఆయన ధర చెబుతాడు. నేను రికార్డు కింద పెట్టను, మాట్లాడను. ఆయన ‘ఏం చదువుతున్నావు’ అంటాడు. ‘ఆర్కిటెక్చర్.’ ‘డబ్బున్నవాళ్ల చదువు.’ ‘డబ్బున్నవాళ్ల చదువే, నాకు లేదు.’ అప్పుడు కొంచెం తగ్గిస్తాడు. ప్రతి వారం అవే మాటలు. ధర కుదరనప్పుడు రికార్డును బల్ల కింద పెట్టెలో దాచి, మరో వారానికి ఉంచేవాడు. ఎవరికీ అమ్మేవాడు కాదు.

స్తెల్వియో చిప్రియానీ, పియెరో ఉమిలియానీ, బ్రూనో నికొలాయ్, ఫాబియో ఫ్రిజ్జి, రిజ్ ఒర్తొలానీ. ఈ సంగీతకారుల పేర్లన్నీ నేను ఆ బల్ల దగ్గర పలకడం నేర్చుకున్నవే. మారియో బావా 1970లో తీసిన ‘ఆగస్టు చందమామకు అయిదు బొమ్మలు’ చిత్రానికి ఉమిలియానీ చేసిన సంగీతం వింటే దీవిలో శవాలు పోగవుతున్నాయని ఎవరూ అనుకోరు, విందు జరుగుతోందనుకుంటారు. మరుసటి ఏడాది అదే బావా తీసిన ‘రెయాజియోనే అ కతేనా’కు చిప్రియానీ చర్మవాద్యాలతో దరువు వేయించాడు. ‘ఇది మీ దేశం వాళ్లకు నచ్చుతుంది’ అని ముసలాయన తీసిచ్చాడు. ఆయన అన్నది నిజమే. జాతరలో డప్పు దగ్గరపడుతున్నప్పుడు కడుపులో కదిలేదేదో అందులో ఉంది.

* * *

గోబ్లిన్ కథ ఈ రికార్డులు పోగేసేవాళ్లందరికీ కంఠస్థం. ‘ప్రొఫోందో రొస్సో’కు మొదట జాజ్ పియానిస్టు జోర్జో గస్లీనీ పని చేశారు. ఆర్జెంతోకు ఆయన చేసింది తృప్తినివ్వలేదు, రాక్ సంగీతం కావాలన్నాడు. చినెవోక్స్ అనే రికార్డు సంస్థ దగ్గర అప్పటికే ఒక కుర్ర బృందం ఉంది. క్లౌదియో సిమొనెత్తి, మాస్సిమో మొరాంతే, ఫాబియో పిన్యతెల్లి, వాల్తెర్ మార్తీనో. ఇరవై నాలుగేళ్లు దాటనివాళ్లు. ఒక్క రాత్రిలో ముఖ్యమైన బాణీ కట్టి మర్నాడు రికార్డు చేశామని వాళ్లే తర్వాత చెప్పుకున్నారు. ఎల్పీలో, అంటే పెద్ద రికార్డులో, ఒకవైపు వీళ్ల బాణీలు, రెండోవైపు గస్లీనీవి. ఆ రెండోవైపును చాలామంది తిప్పి చూడరు. నాకది అన్యాయంగా తోస్తుంది. ‘స్కూల్ ఎట్ నైట్’ అనే జోలపాట గస్లీనీదే. సినిమాలో ఎముకలు కొరికే చలి పుట్టించేది అదే.

1977లో వచ్చిన ‘సుస్పీరియా’ మరో మెట్టు. అప్పటికి డ్రమ్ముల మీదికి అగొస్తీనో మరంగోలో వచ్చాడు. చిత్రీకరణ సమయంలో ఆర్జెంతో సెట్లో సంగీతాన్ని పెద్దగా పెట్టించేవాడట. చిన్న గంటల్లా మోగే చెలెస్తా మీద పిల్లల పాటలాంటి రాగం, గ్రీకు బుజూకీ, మూగ్ సింథసైజర్, చెవిలో ఊదినట్టు గుసగుసలు. వాటి కింద ఒక దరువు నడుస్తుంటుంది. మొదటిసారి విన్నప్పుడు నేను ప్లేయరు ఆపి, అట్ట వెనక వాద్యాల పట్టిక చదివాను. పిన్యతెల్లి పేరు పక్కన బేస్ గిటారుతో పాటు తబలా.

ఆ ఆదివారం రాజమండ్రికి ఫోను చేశాను. నాన్నకు సంగీతం పిచ్చి. మా చిన్నప్పుడు ఇంట్లో ఎచ్.ఎం.వి. ఫియెస్టా ప్లేయరు ఉండేది. రాత్రి భోజనాలయ్యాక, వీధిలో లైట్లు పోయినప్పుడు తప్ప, ఏదో ఒక రికార్డు తిరుగుతూనే ఉండేది. డమ్‌డమ్‌లో అచ్చైన ఆ రికార్డుల మీద ఉండే కుక్క బొమ్మను చూస్తూ నేను నిద్రపోయేదాన్ని. ఫోను రిసీవరు స్పీకరు దగ్గర పెట్టి ‘నాన్నా, వినండి’ అన్నాను. అంత దూరం నుంచి ఏం వినిపించిందో తెలియదు. పాట అయ్యేదాకా ఆయన మాట్లాడలేదు. ‘వాయించినవాడు గురువు దగ్గర కూర్చున్నవాడు కాదమ్మా. కానీ భయపడకుండా వాయించాడు. చెయ్యి గట్టిది’ అన్నారు. తర్వాత అడిగారు, ‘సినిమా దేని గురించి?’ మంత్రగత్తెలు నడిపే డాన్సు బడి గురించని చెప్పాను. ‘మీ అమ్మకు చెప్పకు’ అన్నారు.

నికొలాయ్ విషయంలో ఇంకో తమాషా జరిగింది. 1972లో వచ్చిన ‘తుత్తీ ఇ కొలోరి దెల్ బూయో’లో క్షుద్రపూజల సన్నివేశానికి ఆయన సితార్ వాడాడు. మనం సంగీత కచేరీలో శాలువా కప్పుకుని వినే వాద్యం అక్కడ నల్ల దుస్తుల గుంపు మధ్య మోగుతుంది. అరవయ్యో దశకం చివర్లో పడమటి దేశాలన్నిటికీ సితార్ మోజు పట్టింది కదా, ఇదీ ఆ మోజులోదే. మన వాద్యానికి దయ్యాల వేషం వేశారని బాధపడాలా అని కొన్నాళ్లు ఆలోచించాను. వినగా వినగా నాకు ఆ సితార్ నచ్చింది. బేస్ గిటారుతో కలిసి అది చేసే అల్లరి మన దగ్గర ఎవరూ దాని చేత చేయించలేదు.

* * *

సెలవుల్లో రోమ్ వెళ్లినప్పుడు అందరూ చూసేవన్నీ చూశాను. వాటికంటే ముందు ప్రాతి పేటలో గ్రాకీ వీధికి వెళ్లాను. అక్కడ ‘ప్రొఫోందో రొస్సో’ పేరుతోనే ఒక దుకాణం ఉంది. ఆర్జెంతో, ఆయన మిత్రుడు, దర్శకుడు లుయీజీ కొజ్జీ కలిసి 1989లో తెరిచారు. చిన్న గది, మాస్కులు, పుస్తకాలు, రికార్డులు, కింద నేలమాళిగలో సినిమా బొమ్మల ప్రదర్శన. కిందికి దిగితే మా సిన్యోరా కొట్టు వాసనే వచ్చింది.

అక్కడి నుంచి ఎవుక్లీదె చౌరస్తాకు. గుమ్మటమంత పెద్ద చర్చి ఒకటుంది. దాని కింద రికార్డింగ్ స్టూడియో. 1970 ప్రాంతంలో సంగీత దర్శకులు ఎన్నియో మొర్రికోనే, అర్మాందో త్రొవాయోలీ, లుయీస్ బాకలోవ్, పియెరో పిచ్చోనీ కలిసి పెట్టుకున్నది. పైన ప్రార్థన, కింద సినిమా సంగీతం. నాకు లోపలికి వెళ్లే వీలు లేదు. బయట రాతి మెట్ల మీద కూర్చుని ఒక ఐస్‌క్రీం తిన్నాను. ఆ మెట్ల మీదుగా వయొలిన్ పెట్టెలు మోసుకుంటూ ఎంతమంది దిగి ఉంటారో లెక్కలేదు.

నన్ను పట్టి ఉంచింది ఆ లెక్కలేనివాళ్లే. ఇటలీలో ఆ రోజుల్లో ఏడాదికి వందల సినిమాలు తయారయ్యేవి. పొద్దున ఒక కౌబాయ్ సినిమాకు, మధ్యాహ్నం హాస్యచిత్రానికి, సాయంత్రం హత్యల సినిమాకు అదే వాద్యకారులు వాయించేవారు. పోస్టరు మీద వాళ్ల పేరుండదు. చాలాసార్లు రికార్డు అట్ట మీద కూడా ఉండదు. మాయొరానా బేస్, వన్నూక్కీ ఆర్గాన్, పోదియో డ్రమ్స్, పెస్ గిటారు. రేడియో వాద్యబృందానికి చెందిన ఈ నలుగురూ తమకు తాము ‘ఇ మార్క్ 4’ అని పేరు పెట్టుకుని వాయించారు, మార్క్ అనేది వాళ్ల మొదటి పేర్ల తొలి అక్షరాల కూర్పు. ఎద్దా దెల్లోర్సో అనే ఆవిడ మాటల్లేకుండా, ఒట్టి గొంతుతో మొర్రికోనే బాణీలను ఆకాశానికి ఎత్తేది. ఆర్జెంతో మొదటి సినిమా, 1970లో వచ్చిన ‘స్ఫటికపు ఈకల పిట్ట’లో జోల పాడింది ఆవిడే. చిన్నపిల్లను నిద్రపుచ్చుతున్నట్టు మొదలై, నిట్టూర్పుల్లోకి జారి, ఊపిరాడని చోట ఆగుతుంది. నోరా ఒర్లాందీ మరొకావిడ. అంతా మగవాళ్లున్న ఆ రంగంలో సంగీత దర్శకత్వం చేసింది, గాయక బృందాన్ని నడిపింది. 1971లో ‘సిన్యోరా వార్ద్ వింత వ్యసనం’ అనే చిత్రానికి ఆవిడ కట్టిన ఘోష ముప్పై ఏళ్ల తర్వాత ‘కిల్ బిల్’ రెండో భాగంలో మోగితే ప్రపంచమంతా ఎవరిదని వెతికింది. ముందే వెతకవలసింది.

* * *

ఈ సినిమాల్లో సగం నేను చూడలేదు. చూసినవి తొరీనోలో సినిమా మ్యూజియం వాళ్లు నడిపే మాస్సిమో థియేటరులో చూశాను. ‘సుస్పీరియా’ పెద్ద తెర మీద చూస్తే ఎరుపు, నీలం రంగులు మీద పడి తడిపేస్తాయి. అది చూసినందుకు నాకు సంతోషమే. కొన్ని మాత్రం ఎప్పటికీ చూడను. 1980లో వచ్చిన ‘కానిబాల్ హోలోకాస్ట్’ షూటింగులో నిజంగా జంతువులను చంపారు. దానికి రిజ్ ఒర్తొలానీ కట్టిన ముఖ్య బాణీ నేను విన్న అత్యంత మధురమైన రాగాల్లో ఒకటి. పొద్దున కాఫీ తాగుతూ వినదగ్గ పాట. అలాంటి పాట అలాంటి సినిమాకు చిక్కుకుపోయిందని నాకు ఇప్పటికీ కోపం. రికార్డు ఉంటే ఆ చిక్కు విడిపోతుంది. బొమ్మ లేకుండా, నెత్తురు లేకుండా, ఆ వయొలిన్లు వాటి మానాన అవి వాయించుకుంటాయి.

చదువు అయిపోయి వచ్చేసేటప్పుడు సిన్యోరా తన 45 రికార్డు నా చేతిలో పెట్టారు. వద్దంటే వినలేదు. బాలోన్ ముసలాయన అట్టముక్కలు కోసి, రికార్డుల కొలతకు సరిపడా పెట్టె చేసిచ్చాడు. ఎల్పీలను ఎప్పుడూ పడుకోబెట్టకూడదు, ఒకదాని మీద ఒకటి పేర్చితే వంగిపోతాయి, నిలబెట్టే తీసుకెళ్లమని నాలుగుసార్లు చెప్పాడు. విమానంలో చేతిసంచిగా తెచ్చాను. మద్రాసు కస్టమ్స్‌లో అధికారి ఒక అట్ట తీసి, కత్తి పట్టుకున్న చెయ్యి బొమ్మ చూసి, నన్ను చూసి, మళ్లీ బొమ్మ చూసి, తిరిగి పెట్టేశాడు. ఇంట్లో అమ్మ ఆ అట్టలన్నీ గోడవైపు తిప్పి పెట్టింది. నాన్న మాత్రం ఫియెస్టాకు కొత్త ముల్లు వేయించి ఎదురుచూస్తున్నారు. ఆ ప్లేయరు ఇప్పుడు నా దగ్గరుంది. నాన్న లేరు.

కొన్నేళ్లకు లోకం ఈ సంగీతాన్ని మళ్లీ కనుక్కుంది. ఇంగ్లండ్‌లో ఫైండర్స్ కీపర్స్, రోమ్‌లో ఫోర్ ఫ్లైస్ లాంటి సంస్థలు పాత టేపులు వెలికితీసి కొత్తగా అచ్చు వేశాయి. ఎరుపు, ఆకుపచ్చ, పొగరంగు వినైల్ మీద అందంగా వస్తున్నాయి. పాత ప్రతులు మాత్రమే అసలైనవని పట్టుబట్టేవాళ్లతో నేను ఏకీభవించను. ఎన్నడూ రికార్డుగా రాని సంగీతం, డబ్బాల్లో మాగిన టేపులు, ఇప్పుడు మన చెవిన పడుతున్నాయి. పుస్తకంలాంటి వివరాలతో వాద్యకారుల పేర్లు కూడా అచ్చవుతున్నాయి. నాకు అంతకంటే కావలసింది లేదు. 2020లో మొర్రికోనే పోయిన రోజు, 2022లో గోబ్లిన్ గిటారు మొరాంతే పోయిన రోజు, ఎక్కడెక్కడి వాళ్లో ఆ పాటలు పెట్టుకుని కూర్చున్నారంటే ఆ కొత్త అచ్చుల పుణ్యమే.

* * *

మొన్న రికార్డులు ఆరబెడుతుంటే అన్నయ్య కొడుకు వచ్చాడు. ఇంజనీరింగ్ చదువుతున్నాడు, కాలేజీ బృందంలో డ్రమ్స్ వాయిస్తాడు. ‘అత్తా, ఇవన్నీ దయ్యాల సినిమాలా?’ అంటూ అట్టలు తిరగేశాడు. సిన్యోరా ఇచ్చిన 45 తుడిచి రెండోవైపు పెట్టాను. ‘డెత్ డైస్’ మొదలైన పది సెకన్లకు వాడి మోకాళ్ల మీద చేతులు ఆడటం మొదలైంది. పాట అయిపోగానే తనే ముల్లు ఎత్తి, అంచు మీద చాలా జాగ్రత్తగా మళ్లీ దించాడు. మూడోసారి విన్నాక అడిగాడు.

‘డ్రమ్స్ ఎవరత్తా?’

‘వాల్తెర్ మార్తీనో. వాళ్ల నాన్న బ్రూనో మార్తీనో గొప్ప గాయకుడు.’

‘ఇంకేం వాయించాడు?’

చెప్పాను. గోబ్లిన్ వదిలేశాక లిబ్రా అనే బృందంతో వాయించాడు, 1977లో మారియో బావా తీసిన ‘షాక్’కు వాళ్లదే సంగీతం. ఆ రికార్డు నా దగ్గర లేదు. వాడు ఫోను తీసి అప్పుడే వెతకడం మొదలుపెట్టాడు. రాత్రి భోజనానికి కూర్చున్నా ఫోను కింద పెట్టలేదు. ధర చూసి ‘అమ్మో’ అన్నాడు. కొత్త అచ్చు కూడా ఉందేమో చూడమన్నాను.